ఎర్రచేపకు కొండరాయి

సముద్రంలో ఎర్రచేప ఎందుకు ఎర్రగా ఉంటుందో నాకు తెలుసు. బైలడిల్లా కొండను తవ్వి, ఆ ఇనుపరాయిని రైలు డబ్బాల్లో పోసి విశాఖపట్నం రేవుకు పంపుతారు కదా. ఓడలోకి ఎత్తేటప్పుడు ఎంతో కొంత దుమ్ము నీళ్ళలో పడుతుంది. అది తిని తిని ఆ చేపలకు ఆ రంగు పట్టింది. వర్క్‌షాపు క్యాంటీన్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు నన్ను ఒక్కరూ కాదనలేదు. కాదనాల్సినవాళ్ళ చొక్కాలే ఎర్రగా ఉన్నాయి, మెడలు ఎర్రగా ఉన్నాయి, దండెం మీద ఆరేసిన తెల్ల పంచెలు ఎర్రగా ఉన్నాయి. మనకు పట్టిన రంగు చేపకు పట్టదా అని వాళ్ళే ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు.

మా మామ ముందు కూడా ఈ మాట అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. నవ్వనూ లేదు. దానికి కారణం నా అబద్ధం కాదు. ఆయన నాతో మాట్లాడేవాడే కాదు.

మామ భీమిలి వైపు సముద్రం ఒడ్డు పల్లెలో చేపలు పట్టే మనిషి. ఆయనకు ఉన్నది ఒక ఇంజను పడవ, ఒక కూతురు. ఆ కూతురు మేనత్త కాపురాన్ని చూసిపోదామని మా గని టౌన్‌షిప్‌కు వచ్చింది. మేనత్త క్వార్టర్ కిటికీ ఊచ ఊడిందంటే అతకడానికి వెల్డర్నైన నేను వెళ్ళాను. ఆ ఊచ మళ్ళీ ఊడింది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఊడింది. వెల్డింగు చేతబట్టిన ఇన్నేళ్ళలో నేను కావాలని ఊడిపోయేటట్టు వేసిన అతుకులు అవే. చివరికి మేనత్తే కనిపెట్టి, "ఓయ్ బాబూ, కిటికీ వదిలెయ్, పెద్దవాళ్ళను తీసుకురా" అంది.

పెళ్ళికి మామ వచ్చాడు. అక్షింతలు వేశాడు, కడుపునిండా తిన్నాడు. రైలెక్కే ముందు, నేను ఆయన సంచి పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా, కూతురితో అన్నాడు:

"ఒలే అమ్మీ, ఆ కొండోడికి సెప్పు. నిన్ను బాగా సూసుకోమను."

అంతే. అప్పట్నుంచి అదే వరస. పండక్కి వచ్చి మా క్వార్టర్లో నాలుగు రోజులుండేవాడు. నేను టీ కాచి గ్లాసు చేతికిస్తే అందుకుని, వంటగది వైపు తిరిగి, "ఆ కొండోడు టీ బాగా పెడతాడే అమ్మీ" అనేవాడు. నేను "థాంక్సు మామా" అంటే గోడకేసి చూసేవాడు.

ఆయనకు నా మీద కోపం ఏమీ లేదు. నా చొక్కా పోగులు పోతే తన జేబులోంచి సూదీ దారం తీసి కుట్టిపెట్టినవాడు. ఉన్నదల్లా దిగులు. కొడుకులు లేని మనిషి. కూతుర్ని ఇచ్చేది తన పడవలో రెండో కొసన కూర్చునేవాడికని చిన్నప్పట్నుంచీ అనుకున్నాడు. దొరికింది నేను. మాది కుంట తాలూకా మరైగూడ. వరి, మిరప, ఇప్పపువ్వు తెలిసిన ఇల్లు. మా వాగులో నీళ్ళు వానాకాలం నడుముదాకా వస్తాయి, ఎండాకాలం బర్రె పడుకోవడానికి కూడా చాలవు. అలాంటివాణ్ణి అల్లుడూ అని పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. నాకేమో ఆ ఒక్క మాట వినాలని మహా యావగా ఉండేది. వేరే ఎవరి నోటినుంచీ అక్కర్లేదు, ఆయన నోటినుంచే.

ఒక ఏడాది చలి తగ్గుతుండగా మేనత్త ఊరికి పోయి వచ్చింది. మా ఇంట్లో కూర్చుని కాళ్ళు చాపుకుంటూ, "మీ అయ్య ఒక మాట పంపాడే. ఈసారి వచ్చినప్పుడు ఎర్రచేపకు పోదామన్నాడు. గాలం, ఎర ఎవరివి ఆళ్ళే తెచ్చుకోవాలన్నాడు" అంది.

బియ్యం చెరుగుతున్న నా భార్య చేట కింద పెట్టేసింది.

"నిజంగా అన్నాడా అత్తా? గాలం తెచ్చుకోమన్నాడా?"

"అన్నాడు మరి."

మేనత్త వెళ్ళాక మా ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. వాళ్ళ ఒడ్డున ఒక ఆనవాయితీ ఉంది. గాలం వేటకు పడవెక్కే ప్రతివాడూ తన గాలం, తన ఎర తనే తెచ్చుకోవాలి. అరువు గాలంతో పట్టిన చేపను ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. ఊరికే షికారుకు ఎక్కేవాడు చుట్టం. గాలంతో ఎక్కేవాడు పడవ మనిషి.

"తెచ్చుకోమన్నాడంటే నీ సత్తా సూడ్డానికి పిలిసినట్టు. ఒక్క ఎర్రచేప నీ గాలానికి పడిందనుకో, అయిపోయింది. ఉత్తి సేతుల్తో దిగావనుకో, మా అయ్య బతికున్నంత కాలం నువ్వు కొండోడివే. మళ్ళీ పిలవడు."

"పడకపోతే ఏందే? మా కొండ దుమ్ము తిన్న చేప. నన్ను చూస్తే సొంతోడనుకుని ఎగిరి ఒళ్ళో పడతది."

"ఈ కబుర్లు సేప దగ్గర సెప్పు" అని మళ్ళీ చేట అందుకుంది.

అలా మొదలైంది గాలం ఎంపిక. సముద్రానికి ఒక పగలంతా రైలు దూరంలో, అడవీ కొండా తప్ప ఏమీ లేని చోట, సముద్రం అడుగున రాళ్ళలో బతికే చేప కోసం.

ఈ పనిలో నాకు తోడు వచ్చినవాడు మా వర్క్‌షాపు రిగ్గర్. అంటే భారీ యంత్రాలకు ఇనప తాళ్ళు కట్టి ఎత్తేవాడు. ఆవపల్లి మనిషి. తెలుగు, గోండి, హిందీ మూడూ ఒకే వాక్యంలో వాడేవాడు. చేప పేరెత్తితే చాలు, డ్యూటీ కూడా మరిచిపోయేవాడు.

ముందు కొక్కెం. సంతలో దొరికేవి వాగు చేపల కొక్కేలు, అగ్గిపుల్లంత. మా ఆవిడ తన బొటనవేలూ చూపుడువేలూ వంచి, ఎర్రచేప నోరు ఇంత ఉంటుంది, కొక్కెం ఇంతుండాలి, మొన లోపలికి తిరిగి ఉండాలి అని చూపించింది. నేను పాత స్ప్రింగు తీగ కొలిమిలో కాల్చి వంచాను. మొన దగ్గర ముల్లును ఆకురాయితో రాకి తీర్చాను. నూనెలో ముంచి గట్టిపడేలా చేశాను. నాలుగు తయారయ్యాయి. రిగ్గర్ ఒకటి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బఢియా ఉంది భాయ్. మరి టెస్టింగ్ చేసినవా? మన దగ్గర టెస్టింగ్ లేకుండా ఏదీ పైకి లేవదు."

"ఏం పెట్టి చేద్దాం?"

వాడు తన బెల్టు వైపు చూసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ కొక్కేన్ని చైన్ పుల్లీకి తగిలించి, కొక్కేనికి వాడి బెల్టు తగిలించి ఎత్తాం. లేచాడు. కాళ్ళూ చేతులూ ఆడిస్తూ గాలిలో గుండ్రంగా తిరుగుతూ, "పాస్! పాస్!" అని అరిచాడు. కొక్కెం ఇసుమంత కూడా వంగలేదు. తెగింది బెల్టు.

ఇంటికి తెస్తే మా ఆవిడ చూసి, "ఇది సేపకా, ఏనుక్కా?" అంది. అయినా మొన మీద వేలు పెట్టి చూసి, చిన్న రెంటిని ఏరి పక్కన పెట్టింది. పెద్ద రెంటినీ చీర ఆరేసుకోవడానికి గోడకు కొట్టమంది.

తరవాత తాడు. రిగ్గర్ ఇనప తాడులోంచి ఒక పేట విప్పుకుపోదామన్నాడు. అది నీళ్ళలో మెరుస్తుంది, చేపకు కళ్ళున్నాయి అని మా ఆవిడ అడ్డం కొట్టింది. గీదం బజారులో లావు తంగూసు, అదే నైలాన్ దారం, దొరికింది, బంగాళదుంపల మూటలు కుట్టుకునేవాళ్ళ కోసం తెచ్చినది. దాన్ని బారలు బారలుగా కొలిచి, రెండు ముక్కలను కలిపిన చోట రిగ్గర్ తన విద్యంతా చూపించాడు. ఆ ముడిని నేను ఇప్పటికీ గీసి చూపించలేను. లాగిన కొద్దీ బిగుసుకునేది తప్ప వదిలే స్వభావం దానికి లేదు.

ఇక బరువు. చేప ఉండేది అడుగున కాబట్టి గాలం అడుగుకు దిగాలి. సీసం గుండు కట్టాలి. సీసం ఎక్కడ దొరుకుతుందా అని ఒక పూటంతా తిరిగాక, తలెత్తి కొండ వైపు చూశాను. ఎంత తెలివితక్కువ! చేతిలో పట్టుకుంటే మామూలు రాయికి రెండింతలు తూగే రాయి కొండకు కొండే మా నెత్తిన ఉండగా సీసం కోసం వెతుకుతున్నాను. దారి పక్కన లారీల్లోంచి జారిపడిన ముక్కలు ఏరుకొచ్చాను. కోడిగుడ్డంతవి, నడుము సన్నగా ఉన్నవి. ఒక్కోదానికి కట్టుతీగ చుట్టి, పైన చిన్న కడియం వెల్డింగ్ పెట్టాను. ఒక సంచీలో వేస్తే ఆ సంచి ఎత్తడానికి నేను రిగ్గర్ని పిలవాల్సి వచ్చింది.

మా ఆవిడ ఆ రాళ్ళను మెచ్చుకుంది. మెచ్చుకుని, "వీటిని తంగూసుకు తంగూసుతో కట్టకు. పుచ్చిపోయిన నూలుదారంతో కట్టు. గట్టిగా లాగితే తెగాలి" అంది.

నేనూ రిగ్గరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం.

"తెగేటట్టు కట్టాల్నా? భాభీ, మన దగ్గర ఎవడైనా తెగేటట్టు కడితే వాణ్ణి ఆ రోజే ఇంటికి పంపిస్తరు" అన్నాడు రిగ్గర్.

"అడుగున రాళ్ళుంటాయి బాబూ. గుండు ఇరుక్కుంటే దారం తెగి గుండొక్కటే పోవాలి. నేదంటే అంతా పోద్ది." ఆవిడ నా వైపు తిరిగింది. "మా అత్త కిటికీకి ఏసినావే అతుకు, అలాగ కట్టు."

రిగ్గర్‌కు ఆ కిటికీ కథ తెలియదు. నేను గభాల్న మాట మార్చాను. కానీ మా చేతులకు ఆ పని రాలేదు. కొండ మీద తాడు తెగితే కింద మనిషి ఉంటాడు. పొద్దున లేస్తే మాకు నేర్పింది, మేం ఒకరికొకరం నేర్పుకున్నది అది ఒక్కటే, ఏ ముడీ జారకూడదు, ఏ పేటా తెగకూడదు అని. రాయిని తంగూసుతోనే కట్టాం. ఒకటి కాదు, రెండు పేటలు వేసి కట్టాం.

"సరే. మా అయ్యే సెప్తాడు" అంది మా ఆవిడ.

"ఆయన నాతో మాట్లాడడు గదనే."

"అదే మరి" అని లోపలికి వెళ్ళిపోయింది.

చివరిది ఎర. దీంట్లో మాత్రం ఎవరి మాటా వినదలచుకోలేదు. సముద్రం చేపకు సముద్రంలో దొరికేదే పెట్టాలి, కవ్వలు పెట్టాలి అని మా ఆవిడ అంటుంది. కవ్వలంటే వేలెడు జానెడు ఉండే చిన్న చేపలు, గుంపులుగా తిరుగుతాయి. నేనంటాను, రోజూ ఇంట్లో తినేదే పెడితే ఎవడొస్తాడు? విందుకు పిలిచినప్పుడు వాళ్ళెన్నడూ తిననిది పెట్టాలి. అందుకని రెండు రకాలు సిద్ధం చేశాను. పట్టుకాయలు ఉడకబెట్టి దారం తీసేవాళ్ళ దగ్గర మిగిలిన పట్టుపురుగులు, వేలెడు లావువి, ఒక డబ్బా నిండా. సంతలో అమ్మే ఎర్రచీమలు ఒక ఆకుపొట్లం. వాటిని మా వైపు చాపడా అంటారు, నూరి పచ్చడి చేసుకుంటారు. పుల్లగా, ఘాటుగా, జ్వరం వచ్చినవాడు కూడా లేచి కూర్చునేలా ఉంటుంది. చేపకు మాత్రం నోరుండదా?

కిరండూల్‌లో పాసింజరెక్కాం. పట్టుపురుగుల వాసనకు మా బెంచీ మీదివాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. అరకు దాటేదాకా నేనూ మా ఆవిడా హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాం. ఎర ఎంపికలో ఈ లాభం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఒడ్డుకు వెళ్ళాం. మామ, మామ తమ్ముడు చిన్నమామ, ఇంజను దగ్గర సర్దుకుంటున్నారు. మామ నా సంచి చూశాడు, నన్ను చూశాడు, కూతురి వైపు తిరిగాడు.

"కొండోడు కొండ మోసుకొచ్చినట్టున్నాడే."

"గుండ్లు అయ్యా. తనే సేసుకున్నాడు."

మా ఆవిడ ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టి, "మజ్జాన్నం దాకా తెరవకు. ఏమీ తోచకపోతే అప్పుడు తెరువు" అంది. టిఫిను అనుకున్నాను.

పడవ కదిలింది. కూతురు ఒడ్డునే ఉండిపోయింది. ఒడ్డు సన్నగీతంత అయ్యాక మామకు ఒక చిక్కు వచ్చింది. నాతో చెప్పాల్సినవి బోలెడు ఉన్నాయి, చెప్పడానికి మధ్యలో మనిషి లేదు. చిన్నమామ ఇంజను మోతలో ఉన్నాడు. మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తరవాత పడవ అంచు మీద అరచేత్తో చరిచి, పడవతో అన్నాడు:

"ఒలే పడవా! ఆ కొండోడికి సెప్పు. కాలు తాడు సుట్టలో ఎట్టాడు. తాడెల్తే తాడుతోపాటు ఆడూ ఎల్తాడు."

నేను కాలు తీశాను. "పడవ చెప్పింది మామా. విన్న."

ఆయన సంతృప్తిగా తల ఆడించాడు. దారి దొరికింది. ఇక చేపలుండే చోటికి చేరేదాకా పడవకు ఊపిరాడలేదు. పడవా, నీళ్ళు తాగమను. పడవా, ఎండలో టోపీ పెట్టుకోమను. పడవా, అట్నుంచి వాంతి సేసుకోమను, ఇట్నుంచి గాలొస్తంది. చివరిది కాస్త ఆలస్యంగా చెప్పింది పడవ.

నీటి అడుగున రాళ్ళున్న చోటు మామకు ఎలా తెలిసిందో మీరడిగితే నేను పది రకాలుగా చెప్పగలను. నిజానికి ఆయన వెనక్కి తిరిగి చూసి, కొండ మీది తెల్ల గుడినీ తాటితోపునూ ఒక వరసలోకి తెచ్చుకున్నాడు, అంతే. ఇంజను ఆపారు. వాళ్ళిద్దరూ కవ్వలను ఏటవాలుగా, తోలు ఉండేలా కోసి, కొక్కేనికి రెండుసార్లు గుచ్చి, మొన బయట పెట్టి దింపారు. "పడవా, సూసుకోమను. తోలుంటే ఊడదు" అన్నాడు మామ.

నేను ముందుగా ఆకుపొట్లం విప్పాను. రైల్లో, ఆటోలో, పడవలో నలిగి, నా చీమలకు ఒళ్ళు మండి ఉంది. పొట్లం తెరిచీ తెరవగానే నాలుగు దిక్కులా పరుగెత్తాయి. ఎక్కువ భాగం చిన్నమామ లుంగీని ఎంచుకున్నాయి.

"ఓలమ్మో! ఏట్రా ఇయ్యి? సీమలా నిప్పులా!" చిన్నమామ లేచి గెంతాడు. పడవ ఊగింది.

"చాపడా చిన్నమామా. మా దగ్గర పచ్చడి చేసుకుంటం."

"పచ్చడి నన్ను తింటంది కదరా!"

మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని పడవ నాకు చెప్పలేదు, నేనే పోల్చుకున్నాను.

మిగిలింది పట్టుపురుగు. అది మెత్తన. కొక్కేనికి గుచ్చి నీళ్ళలో వేస్తే దిగేలోపే జారిపోయింది. దారంతో చుట్టి మళ్ళీ దింపాను. అడుగున ఏవో చిల్లర చేపలు టుకటుకమని గిల్లాయి, ఖాళీ కొక్కెం పైకొచ్చింది. మామకు ఒక ఎర్రచేప పడింది. చిన్నమామకు గోక్కోవడం మధ్యలో రెండు పడ్డాయి. మళ్ళీ చుట్టి, ఈసారి అడుగుకు బాగా ఆనేదాకా వదిలాను. తాడు కొసను పడవ అడ్డపలకకు రిగ్గర్ నేర్పిన ముడితో బిగించాను. చేతికి కూడా ఒక చుట్టు చుట్టుకున్నాను, చేప ఎక్కడికీ పోకుండా.

ఒక్కసారిగా బిగుసుకుంది.

"పడింది మామా! పెద్దది! కదుల్తలేదు!"

"పడవా, అది సేప కాదు, రాయి ఇరుక్కుంది. లాగొద్దను."

నాకు పడవ మాట వినపడలేదు. రెండు కాళ్ళూ అంచుకు తన్నిపెట్టి లాగుతున్నాను. ఇంతలో కింద నుంచి పెద్ద కెరటం లేచింది. పడవ పైకి లేవాలి, నా వైపు మాత్రం లేవలేదు. పేట తెగలేదు. ముడి జారలేదు. కొక్కెం వంగలేదు. మేం చేసిందంతా మేం చేసినట్టే పనిచేసింది. అంచు వంగి నీళ్ళు భళ్ళున లోపలికి వచ్చాయి. చేతి చుట్టు అరచేతిని కోస్తోంది, విప్పుదామంటే బిగుసుకుంటోంది.

"ఒరే! సెయ్యి ఇటియ్యరా ఎదవా! సెయ్యి ఇటియ్యి!"

మామ ఒక్క అంగలో నా మీదికి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, చేపలు కోసే కత్తితో తాడు తెంపేశాడు. పడవ వెనక్కి పడి నాలుగుసార్లు ఊగి కుదురుకుంది. ముగ్గురం పడవలో చేరిన నీళ్ళలో కూర్చుని ఉన్నాం. చిన్నమామ మెల్లగా అన్నాడు:

"అన్నా. ఆడితో మాటాడేసినావు."

"నాను పడవతో అన్నాను."

"పడవకి సెయ్యెక్కడిదన్నా?"

మామ నీళ్ళు తోడసాగాడు. నేను కూడా తోడాను. అరచెయ్యి మండుతోంది కానీ దాన్ని తలుచుకునే స్థితిలో లేను. నా గాలం, తాడు, దానికి కట్టిన కొక్కేలు రెండూ సముద్రం అడుగున ఉన్నాయి. చిన్నమామ జాలిపడి తన రెండో గాలం నా వైపు జరపబోయి మధ్యలో ఆగిపోయాడు. అరువు గాలం. పట్టినా నాది కాదు. నేను చుట్టాన్నైపోయాను.

మామ నీళ్ళు తోడడం ఆపి నా అరచెయ్యి తిప్పి చూశాడు. ఉప్పునీళ్ళు పోశాడు. నేను కెవ్వుమన్నాను. తరవాత పడవ ముందు కొసకేసి చూశాడు.

"పడవా, ఆ ముందు పలక కింద ఏటుందో తియ్యమను."

పలక ఎత్తాను. నూనెగుడ్డలో చుట్టిన చిన్న చెక్క. చెక్కకు సన్నటి తంగూసు చుట్టి ఉంది. కొక్కేనికి చుట్టిన గుడ్డ ఆడపిల్ల గౌను ముక్క, పసుప్పచ్చ పూలది.

"మా అమ్మిది" అన్నాడు. "సిన్న గుంటప్పుడు నాతో వచ్చేది. కొండకెల్లిపోయాక ఎవులూ ముట్నేదు."

"మరి అరువు గద మామా?"

"మొగుడికీ పెళ్ళానికీ మజ్జిన అరువేటి?" ఇది పడవతో అన్నాడో నాతో అన్నాడో నాకిప్పటికీ తెలియదు. పడవ పేరు మాత్రం ఎత్తలేదు.

దానికి గుండు లేదు. నా సంచీలో రాళ్ళున్నాయి. మామ ఒకటి తీసుకుని అరచేతిలో ఎగరేశాడు. గోటితో గీకి, వేలికి అంటిన ఎరుపును చూసుకున్నాడు. వాసన చూశాడు.

"ఇదేనా మీ కొండ?"

"ఇదే మామా. దీనికోసమే మమ్మల్నందర్నీ పోగేసిన్రు."

పాత వల అంచులోంచి ఒక పుచ్చు నూలుపోగు లాగి, దానితో ఆ రాయిని కట్టాడు. చూస్తుండలేక అన్నాను:

"నీ బిడ్డ కూడా అట్లనే కట్టమన్నది మామా."

"మరెందుకు కట్నేదు?"

"మా దగ్గర తెగితే కింద మనిషి పోతడు."

"ఇక్కడ తెగకపోతే పైనోడు పోతాడు" అని మామ ముడి వేశాడు.

కొక్కేనికి నిలిచే ఎర లేదు. ఏమీ తోచలేదు కాబట్టి మా ఆవిడ డబ్బా తెరిచాను. ఇడ్లీలు ఉంటాయనుకున్న చోట ఏటవాలుగా కోసిన కవ్వ ముక్కలు, తోలుతోనే, ఉప్పు చల్లి వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నమామ వంగి చూసి, "గాలం దానిది, ఎర దానిది. ఇంతకీ సేపలు పడతన్నది ఎవులు?" అన్నాడు. ఆ మాటకు రోషం వచ్చి, కవ్వ ముక్క గుచ్చి, మొన పక్కన ఒక పట్టుపురుగును కూడా కట్టాను.

దింపాను. రాయి అడుగు తాకిన జాడ వేలికి తెలిసింది. బారెడు పైకెత్తి పట్టుకున్నాను. ఎండ నెత్తికెక్కింది. ఒక్క కుదుపు. తరవాత, ఎవరో కింద నుంచి తలుపు లాగుతున్నట్టు.

"మొదటి బారలు ఆగకుండా లాగు! రాళ్ళలోకి దూరనీకు!" అని అరిచాడు మామ.

లాగాను. అది అప్పటికే దూరింది. రాయి ఎక్కడో పట్టుకుంది. మళ్ళీ అదే బిగింపు. అప్పుడు కింద ఎక్కడో, పుటుక్కున, పుచ్చు పోగు తెగింది. కొండ అడుగున ఉండిపోయింది, చేప పైకి వచ్చింది.

నీళ్ళలో ముందు గులాబీ రంగు కనిపించింది, తరవాత ఎరుపు. వర్క్‌షాపు గేటు ముందు వానకు తడిసిన రోడ్డు ఎరుపు. ఎంత పెద్దదని అడుగుతారు. మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు దాని తోక పడవ బయట వేలాడుతుంది. ఆవిడ గదిలోకి వస్తే నా మోచేతిదాకా తగ్గుతుంది. అది కవ్వకు పడిందా పట్టుపురుగుకు పడిందా అనేది మా ఇంట్లో ఇంకా తేలలేదు. రెండూ దాని నోట్లోనే ఉన్నాయి.

ఒడ్డు చేరగానే చిన్నమామ సంగతంతా వీధి వీధంతా చెప్పేశాడు, చీమల దగ్గర్నుంచి చెయ్యి దాకా. సాయంత్రం మా ఆవిడ పులుసు పెట్టింది. మామా నేనూ ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నాం. నేను కాచుక్కూర్చున్నాను. పడవలో ఆయన నన్ను ఎదవా అన్నాడు, లాగు అన్నాడు. నేను ఎదురుచూస్తున్న మాట మాత్రం ఇంకా రాలేదు. నేల మీదికి వచ్చేసరికి ఆయన మళ్ళీ పాతమనిషి అయిపోయాడు. అన్నం కలుపుకుంటూ, నన్ను చూడకుండా, కూతురి వైపు తిరిగాడు.

"ఒలే అమ్మీ. తలకాయ అల్లుడికి ఎయ్యి."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా ఆవిడ గరిటె కూడా గిన్నెలో ఆగిపోయింది. మామ చాలా శ్రద్ధగా ముల్లు తీసుకుంటున్నాడు.

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే ముగ్గురం ఏడుస్తామనిపించింది. నేను కూడా మా ఆవిడ వైపు తిరిగాను.

"ఏమే, మామకు చెప్పు. తల చెరిసగం చేసుకుందామను."

"అక్కర్నేదను. అల్లుణ్ణే తినమను. వచ్చేసారి ఆ రాళ్ళు ఓ సంచీడు తెమ్మని సెప్పు."

"రెండు సంచులు తెస్తనని చెప్పు."

మా ఆవిడ గరిటె పైకెత్తి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏటి, నన్ను కూడా పడవనుకున్నారా?"